అమెరికా యధ్యక్షపదవి - అభ్యర్థుల సమ్మర్దము



పీఠ మొక్కటియై, దానిని కోరువారు పెక్కురగుట లోకమున నెన్నడు నున్నదే. రాజుల కాలమున నట్టి పోరు కత్తులతో ముగిసెడిది. ప్రజాప్రభుత్వమున నది వోటుచీటితో ముగియవలెను. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నాలుగేండ్ల కొకమారు జరుగు నధ్యక్షుని యెన్నికను గూర్చి మనము చదువునప్పుడు, కట్టకడపట మిగిలిన యిద్దరి పేర్లే మన చెవిని బడుచుండును. ఆ యిద్దరు మిగులుటకు ముందు రంగమున నెందరు నిలిచిరి, తక్కినవారు ఎట్లు జారిపోయిరి, వారిని జల్లించిన జల్లెడ యెవరి చేతిలో నున్నది అను విషయములు అంతగా మన దృష్టికి రావు. అసలు కథ యంతయు నందే యున్నది.

దూరదేశపు సంగతి మనకేల యని కొందరనవచ్చును. మన యాడపడుచులును బిడ్డలును ననేకు లాదేశమున స్థిరపడి, అచట పౌరసత్వమును వోటును బడసియున్నారు. తెలుగు దంపతులకు కాలిఫోర్నియాలో జన్మించిన ఉషా వాన్స్ భర్తయగు జె. డి. వాన్స్ 2025 జనవరి 20 న నాదేశపు ఉపాధ్యక్షుడుగా ప్రమాణము చేసెను. ఇదియునుగాక, పలువురు నిలిచినచోట నొక్కరి నెన్నుకొనుట యెట్లను ప్రశ్న వోటుగల ప్రతి స్త్రీకిని సంబంధించినదే.

ద్వారము వెడల్పు

అమెరికా రాజ్యాంగ మధ్యక్షునకు విధించిన యర్హతలు మూడే. అతడు పుట్టుకచే నాదేశ పౌరుడై యుండవలెను. 35 ఏండ్లు నిండియుండవలెను. 14 ఏండ్లు ఆ దేశమున నివసించి యుండవలెను. చదువును గూర్చిగాని, ధనమును గూర్చిగాని, మతమును గూర్చిగాని నిర్బంధము లేదు. ద్వార మింత వెడల్పుగా నున్నప్పుడు ప్రవేశించువారు పెక్కురగుట వింతగాదు. 2020 ఎన్నికకై తాము నభ్యర్థులమని సమాఖ్య యెన్నికల సంఘమునకు పత్రములు పంపినవారే వేయిమందికి పైగా నుండిరి. వారిలో ననేకుల పేర్లు ఇరుగుపొరుగువారికి తప్ప నెవరికిని తెలియవు. పేరుప్రతిష్ఠలు గలవారిని మాత్రమే లెక్కించినను, ఆ యెన్నికలో డెమొక్రాటిక్ పక్షమునందే 25 మందికి పైగా పోటీచేసిరి. 2019 జూన్ 26, 27 తేదీలలో మయామీ నగరమున వారికి వాదసభ యేర్పాటు చేసినప్పుడు, 20 మంది నొక్క వేదికపై నిలుపుట సాధ్యముగాక, రాత్రికి పదుగురు చొప్పున రెండు రాత్రులు జరుపవలసి వచ్చెను. అంతకు ముందు 2016 లో రిపబ్లికన్ పక్షమున 17 మంది నిలిచిరి.

ఇచట నొక భేదమును గుర్తింపవలెను. అమెరికాలో నెన్నిక రెండు మెట్లుగా సాగును. మొదటి మెట్టున నొక్కొక్క పక్షమువారు తమలో తాము పోటీపడి యొక్క యభ్యర్థిని నిర్ణయించుకొందురు. రెండవ మెట్టున నట్లు నిర్ణయింపబడినవారు దేశమంతటి యెదుట పోటీపడుదురు. సమ్మర్దమెల్ల సాధారణముగా మొదటి మెట్టుననే యుండును.

పూర్వకాలపు సమ్మర్దము

పలువురు నిలుచుట క్రొత్తగాదు. 1824 లో నాదేశమున బలమైన పక్ష మొక్కటియే యుండగా, ఆ పక్షమువారే నలుగురు, ఆండ్రూ జాక్సన్, జాన్ క్విన్సీ ఆడమ్స్, విలియమ్ క్రాఫర్డ్, హెన్రీ క్లే, అధ్యక్షపదవికై నిలిచిరి. అచట ప్రజల వోట్లు నేరుగా నధ్యక్షుని నిర్ణయింపవు. ప్రతి రాష్ట్రమునకు కొందరు నిర్వాచకు లుందురు. వారి సంఖ్యలో సగమునకు మించి పొందినవాడే యధ్యక్షుడు. ఆ యేట జాక్సనునకు 99 మంది, ఆడమ్సునకు 84 మంది, క్రాఫర్డునకు 41 మంది, క్లేకు 37 మంది నిర్వాచకులు లభించిరి. మొత్తము 261 మందిలో కావలసిన 131 మంది యెవరికిని దొరకలేదు. అట్టి సందర్భమున మొదటి మువ్వురిలో నొకరిని ప్రతినిధుల సభ యెన్నుకొనవలెనని శాసనము. నాల్గవవాడైన క్లే పోటీనుండి తొలగిపోయెను. కాని యా సభకు అధిపతి యతడే! 1825 ఫిబ్రవరి 9 న సభవారు 24 రాష్ట్రములలో 13 రాష్ట్రముల మద్దతుతో ఆడమ్సును అధ్యక్షునిగా చేసిరి. పిదప ఆడమ్స్ క్లేను తన విదేశాంగ మంత్రిగా నియమించుకొనెను. ఇది చీకటి బేరమని జాక్సన్ పక్షీయులు దేశమెల్ల చాటిరి. ఆ నింద ఆడమ్సును నాలుగేండ్లును వెన్నాడెను. 1828 లో జాక్సన్ గెలిచెను.

1860 లో మరల నలుగురు పెద్ద యభ్యర్థులు నిలిచిరి. ప్రజల వోట్లలో నూటికి 40 కంటెను తక్కువ వచ్చినను అబ్రహాం లింకనునకు 180 మంది నిర్వాచకులు లభించి యతడు గెలిచెను. దక్షిణ రాష్ట్రములలో పెక్కింటి యందు అతనికి వోటు వేయుటకు చీటియే లేకుండెను. ఆ యెన్నిక వెనువెంటనే యంతర్యుద్ధము వచ్చినను, బానిసత్వమును తుదముట్టించిన కీర్తి యా లింకనునిదే. కావున సగము వోట్లు రానివాడెల్ల అల్పుడని యెంచరాదు. 1912 లో రిపబ్లికన్ పక్షము రెండుగా చీలెను. అప్పటి యధ్యక్షుడు టాఫ్టును, మాజీ యధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్టును పరస్పరము పోటీపడగా, డెమొక్రాటిక్ పక్షీయుడైన ఉడ్రో విల్సన్ నూటికి 42 పాళ్ల వోట్లతోనే 435 మంది నిర్వాచకులను గెలుచుకొనెను. టాఫ్టునకు దక్కినది 8 మంది మాత్రమే. ఇద్దరన్నదమ్ములు వ్యాజ్యమాడిన పొలము మూడవవాని పాలగుట మన మెఱుగనిదా?

జల్లెడ యెవరి చేతిది?

వెనుకటి దినములలో పక్షపు పెద్దలు మహాసభలో గూడి యభ్యర్థిని నిర్ణయించెడివారు. అందును చిక్కులు లేకపోలేదు. 1924 లో న్యూయార్కు నగరమున గూడిన డెమొక్రాటిక్ మహాసభవారు ఏకాభిప్రాయమునకు రాలేక 103 పర్యాయములు వోట్లు వేసి, తుదకు జాన్ డేవిస్ అనువానిని నిర్ణయించిరి. ఇంత శ్రమపడి నిర్ణయించిన యభ్యర్థి ఆ సంవత్సరమే కాల్విన్ కూలిడ్జ్ చేతిలో నోడెను. 1968 వ సంవత్సరపు కలతల పిమ్మట పద్ధతి మార్పుచెంది, ప్రతి రాష్ట్రమునను సామాన్య జనులే వోటువేసి తమ పక్షపు టభ్యర్థిని నిర్ణయించు ప్రైమరీలు ప్రబలెను. పెద్దల గడప ద్రొక్కనక్కరలేక, ఎవరైనను నేరుగా ప్రజలయొద్దకు పోవచ్చును. సమ్మర్ద మధికమగుటకు ముఖ్యకారణ మిదియే. ఓడినవారును రిక్తహస్తములతో పోరు. 2020 లో ప్రైమరీలకు ముందే తప్పుకొనిన కమలా హారిస్ ఉపాధ్యక్షురాలయ్యెను. నడుమ తప్పుకొనిన పీట్ బుట్టిజెజ్ రవాణామంత్రి యయ్యెను.

పెద్దల చేతినుండి జారిన జల్లెడ ప్రజలందరి చేతికి సమముగా వచ్చెనా? అట్లు చెప్ప వీలులేదు. 1972 మొదలు 2020 వరకు అయోవా, న్యూహాంప్‌షైర్ అను రెండు చిన్న రాష్ట్రములవారే ముందుగా తీర్పు చెప్పుచువచ్చిరి. 33 కోట్ల జనులుగల దేశమున అయోవా జనసంఖ్య 32 లక్షలు, న్యూహాంప్‌షైర్ జనసంఖ్య 14 లక్షలు మాత్రమే. అచట వెనుకబడినవారికి ధనమిచ్చువారు చేతులు ముడుచుకొందురు. ధనము లేనిదే తరువాతి రాష్ట్రమునకు పోవుట యెట్లు? కాలిఫోర్నియా వంటి పెద్ద రాష్ట్రముల వంతు వచ్చునప్పటికి పలువురు రంగమునుండి తొలగియే యుందురు. 2019 లో మొదటి వాదసభలో చోటు దొరకవలెనన్న, 65,000 మంది దాతలనైన చూపవలెను, లేదా జనాభిప్రాయ గణనలు మూడింట నూటికొకపాలు మద్దతునైన చూపవలెను. అనగా మొదటి వోటు పడకముందే జల్లెడ యాడుచున్నదన్నమాట.

గారెలు, బొబ్బట్లు, అరిసెలు

ఇక లెక్కలోని చిక్కు. మావారు బడిలో పిల్లలకు లెక్కలను గోళీలతో బోధింతురు. నేను వంటయింటి సామగ్రితో చెప్పెదను. ఒక యుమ్మడి కుటుంబమున పదునొకండుగురు స్త్రీలు పండుగకేమి వండవలెనని యాలోచించుచున్నారనుకొందము. అయిదుగురు గారెలన్నారు. నలుగురు బొబ్బట్లన్నారు. ఇద్దరు అరిసెలన్నారు. ఎక్కువమంది కోరినది గారెలే గనుక మూకుడు పొయ్యిమీది కెక్కినది. కాని నిదానించి చూడుడు. తీపి కావలెనన్నవా రార్గురు. కారము కావలెనన్నవా రయిదుగురే. తీపి కోరినవారు రెండుగా చీలుటచేత వారి కోరిక నెఱవేరలేదు.

2016 లో దక్షిణ కరొలైనా రాష్ట్రపు రిపబ్లికన్ ప్రైమరీలో జరిగినది చూడుడు. అచట డొనాల్డ్ ట్రంపునకు నూటికి 33 పాళ్లకంటె కొంచెము తక్కువ వోట్లు వచ్చెను. తక్కిన వోట్లు పలువురిమధ్య చీలిపోయెను. ఆ రాష్ట్రపు 50 మంది ప్రతినిధులును ఆయనకే లభించిరి. రిపబ్లికన్ పక్షమున పెక్కు రాష్ట్రములలో మొదటివానికే యంతయు, లేదా అధికభాగము, చెందును. డెమొక్రాటిక్ పక్షమున నూటికి 15 పాళ్లు వచ్చినవారికెల్ల వోట్ల ననుసరించి పంచుదురు. 2020 లో దక్షిణ కరొలైనాలో జో బైడెన్ గెలిచిన రెండు దినములలో బుట్టిజెజ్, ఏమీ క్లోబుచార్ ఇరువురును పోటీ విరమించి యతనికి మద్దతిచ్చిరి. మార్చి 3 న పెక్కు రాష్ట్రములలో నొకేసారి జరిగిన ప్రైమరీలలో బైడెన్ ముందంజ వేసెను. ఈ రెండు ఫలితములలో నేది మేలో నిర్ణయించుట యా దేశపు వోటరులపని. మనము గమనింపదగిన దేమనగా, సమ్మర్దమున నభ్యర్థుల గుణముతోపాటు లెక్కించు విధియు, సమయమునకు తప్పుకొను వివేకమును ఫలితమును నిర్ణయించును.

కడపటి మెట్టుననుగూడ నీ చిక్కు కలదు. 2000 లో ఫ్లోరిడా రాష్ట్రమున జార్జి బుష్, ఆల్ గోర్ లకు నడుమ తేడా 537 వోట్లు మాత్రమే. మూడవ యభ్యర్థియగు రాల్ఫ్ నాడరునకు అచట 97,000 లకు పైగా వోట్లు వచ్చెను. ఆ 537 వోట్లతో ఫ్లోరిడాయు, ఫ్లోరిడాతో దేశమును బుష్ వశమయ్యెను.

దీనికి ప్రతిక్రియ లేకపోలేదు. మెయిన్ రాష్ట్రమువారు 2020 నుండి యధ్యక్షుని యెన్నికలో నొక క్రొత్త పద్ధతిని పాటించుచున్నారు. వోటరు ఒక్క పేరున గుర్తుపెట్టి యూరకుండక, మొదటి యిష్టము, రెండవ యిష్టము, మూడవ యిష్టము అని వరుస చూపవచ్చును. ఎవరికిని సగము దాటనిచో కట్టకడపటివానిని తొలగించి, అతనికి వోటు వేసినవారి రెండవ యిష్టమును లెక్కింతురు. మన యుమ్మడి కుటుంబమున నిట్లు చేసిన నేమగునో చూడుడు. అరిసెలు తొలగును. అరిసెలు కోరిన యిద్దరును రెండవ యిష్టముగా బొబ్బట్లు చెప్పినచో బొబ్బట్లకు ఆరు వోట్లగును. పండుగనాడు పూర్ణము ఉడుకును. ఇంట నధికసంఖ్యాకుల మాటయు నెగ్గును.

గెలువరని తెలిసియు నేల నిలుతురు?

ఈ మాట మా వీథిలోని పెద్దముత్తైదువ యొకరు నన్నడిగిరి. సమ్మర్దమువలన నింత కీడున్నప్పుడు, గెలుపుపై నాశలేనివారిని మొదటనే యాపివేయరాదా యని వారి తాత్పర్యము. స్త్రీల చరిత్ర చదివినవా రీ ప్రశ్నకు తొందరపడి యవునని చెప్పజాలరు.

1872 లో విక్టోరియా వుడ్‌హల్ అను వనిత యధ్యక్షపదవికి నిలిచెను. అప్పటి కాదేశమున స్త్రీలకు అధ్యక్షుని యెన్నికలో వోటే లేదు. ఆమెకు 35 ఏండ్లును నిండలేదు. తన పత్రికలో ప్రకటించిన వ్రాతనుగూర్చిన యభియోగముపై నెన్నికదినమున నామె చెఱసాలలో నుండెను. 1884 లోను, మరల 1888 లోను బెల్వా లాక్‌వుడ్ నిలిచెను. ఆమె వితంతువు, బిడ్డతల్లి, బడిపంతులమ్మ. నలువదేండ్లు దాటిన పిమ్మట న్యాయశాస్త్రము చదివెను. చదువు ముగించినను పట్టము నీయక నిలిపివేయగా, అధ్యక్షుడు గ్రాంటునకే లేఖవ్రాసి పట్టము సాధించెను. సర్వోన్నత న్యాయస్థానమున వాదించిన మొదటి స్త్రీ యామెయే. తనకు వోటులేకున్నను తనకు వోటు వేయుమని పురుషుల నడుగుటకు మాత్రము శాసన మడ్డురాదని యామె గ్రహించెను. ఆ దేశమున స్త్రీలందరికి వోటు దక్కకుండ నడ్డుపడిన లింగభేదమును రాజ్యాంగము తొలగించినది 1920 లో.

1964 లో మార్గరెట్ చేజ్ స్మిత్ రిపబ్లికన్ మహాసభలో 27 మంది ప్రతినిధుల వోట్లు పొందెను. పెద్ద పక్షపు మహాసభలో నభ్యర్థిగా ప్రతిపాదింపబడిన మొదటి స్త్రీ యామె. 1972 లో షెర్లీ చిజమ్ డెమొక్రాటిక్ పక్షమున నిలిచెను. ఆమె శిశుపాఠశాలలో నుపాధ్యాయినిగా జీవితము నారంభించి, 1968 లో కాంగ్రెసున కెన్నికైన మొదటి నల్లజాతి స్త్రీ యయ్యెను. తానెవరికిని అమ్ముడుపోలేదనియు, ఎవరి యదుపునకును లొంగలేదనియు నామె చాటుకొనెను. ఆ రంగముననే జార్జి వాలెస్ అను నభ్యర్థి యుండెను. తెల్లవారిని నల్లవారిని వేఱుచేయవలెనన్న వాదమునకు పేరుపడినవాడు. ఆ యేటి మే నెలలో నతనిపై కాల్పులు జరిగి యాసుపత్రిలో నుండగా చిజమ్ పోయి పరామర్శించెను. ఆమె యనుచరులే యందుల కామెను దూషించిరి. తరువాత, ఇండ్లలో పనిచేయు స్త్రీలకు కనీసవేతనము కల్పించు శాసనమునకై యామె పాటుపడినప్పుడు, దక్షిణ రాష్ట్రముల సభ్యుల మద్దతు కూడగట్టుటలో వాలెస్ తోడ్పడెనని చెప్పుదురు. మహాసభలో చిజమునకు 152 మంది ప్రతినిధుల వోట్లు దక్కెను. ఆమె గెలువలేదు. కాని ఆ 152 వోట్ల నెవరు వ్యర్థమనగలరు?

2016 లో హిల్లరీ క్లింటన్ పెద్ద పక్షపు టభ్యర్థినిగా నిర్ణయింపబడిన మొదటి స్త్రీ యయ్యెను. ఆమెకు తన ప్రత్యర్థికంటె 28 లక్షల వోట్లు అధికముగా వచ్చినను నిర్వాచకుల సంఖ్య చాలక యోడెను. 2020 నాటి డెమొక్రాటిక్ సమ్మర్దమున నార్గురు స్త్రీలు నిలిచిరి. వారిలో నొకతె, మద్రాసులో జన్మించిన శ్యామలా గోపాలన్ పుత్రికయగు కమలా హారిస్, 2021 లో ఉపాధ్యక్షురాలై, 2024 లో పక్షపు టభ్యర్థినియై, ఆ యెన్నికలో ట్రంపు చేతిలో నోడెను. నూటయేబదేండ్లకు పైగా నొకరివెనుక నొకరు నిలిచిరి. మొదట నిలిచినప్పుడు నవ్విన లోకము, తరువాత నిలిచినప్పుడు వినెను. ఆ పిమ్మట కోట్లకొలది వోట్లు వేసెను. గెలువనివారిని నిలువనీయని నియమమే యుండిన, ఈ దారి వేయబడెడిది కాదు.

మన తెలుగుదేశమునను దీనికి సాక్ష్యము కలదు. 2019 లో నిజామాబాదు లోకసభ స్థానమునకు 185 మంది పోటీచేసిరి. వారిలో 170 మందికి పైగా పసుపు, ఎఱ్ఱజొన్న పండించు రైతులు. తమ పంటకు తగిన ధర రావలెననియు, పసుపు బోర్డు కావలెననియు వారి మొఱ. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండు వోటుయంత్రములను జతచేయవలసి వచ్చెను. రైతులలో నొక్కరును గెలువలేదు. అయినను దేశమంతయు వారి మొఱ వినెను. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదుననే ప్రారంభమయ్యెను.

అయిదుగురు నలులు

కావున సమ్మర్దము తనంతట తాను దోషముగాదు. నోరులేనివారికి నోరిచ్చు గుణము దానికి గలదు. అధికసంఖ్యాకులు కోరనివారికి పీఠము గట్టబెట్టు దోషమును గలదు. లెక్కించు విధిని చక్కదిద్దుకొని దోషమును తగ్గించుకొనవచ్చును. ద్వారమును మూసినచో గుణమే పోవును.

మిగిలినది వోటరు వివేకము. దమయంతీ స్వయంవర కథ మనలో నెఱుగనివారు లేరు. ఇంద్రాగ్ని యమ వరుణులు నలుగురును నలుని రూపము దాల్చి యతని సరసనే కూర్చుండగా, ఆ కన్యకు నలులయిదుగురు కానవచ్చిరి. రూపము నమ్మరానిదయ్యెను, మాట నమ్మరానిదయ్యెను. దేవతల పాదములు నేల నంటలేదు, పూదండలు వాడలేదు, దేహమున చెమట లేదు, ఱెప్పపాటు లేదు. నలుని పాదములు నేలపై నుండెను. అతని దండ వాడియుండెను. దేహమున దుమ్మును చెమటయు నుండెను. ఆ గుర్తులనుబట్టి యామె తనవాని నెఱిగెను.

వాదసభలో పదుగురు వరుసగా నిలిచినప్పుడు అందఱును నలులే. అందఱి మాటలును తీయనివే, అందఱి దండలును క్రొత్తవే. వోటరు చూడవలసినది పాదములు నేల నంటుచున్నవా యని. లోగడ నే పదవిలో నేమి చేసెను? ఎవరి ధనముతో నిలిచెను? ఓడినవేళ నెట్లు నడచుకొనెను? శత్రువు గాయపడినప్పుడు చూడబోయెనా, సంతోషించెనా? ఈ ప్రశ్నలకు సమాధానములు వేదికపై దొరకవు. వెనుకటి చరిత్రలో వెదకుకొనవలెను. ఇంటికి కోడలిని తెచ్చుకొనునప్పుడును, ఆడబిడ్డ నొక యింటి కిచ్చునప్పుడును నగలు చీరలు చూచి తృప్తిపడక నాలుగిండ్లు విచారించి యాచారవ్యవహారములు తెలిసికొను నేర్పు మనకు కలదు. ఆ నేర్పునే వోటువేయు దినమునను వినియోగింపుడని సోదరీమణులకు నా మనవి.